మీ ఊరి పెద్దాయన్ని, పెద్దావిడని పద్మశ్రీకి నామినేట్ చేయడం ఎలా: మొదటి నుంచి చివరి దాకా

ప్రతి ఏటా జనవరి 25 సాయంత్రం పద్మ అవార్డుల జాబితా వచ్చాక చాలామంది అడిగే ప్రశ్న ఒకటే. "మా ఊళ్లో కూడా ఇలాంటి పెద్దాయన ఉన్నారు, ఎవరికి చెప్పాలి?" ఎవరికీ చెప్పక్కర్లేదు, మీరే నామినేట్ చేయొచ్చు. ఎమ్మెల్యే లెటర్ అవసరం లేదు, ఫీజు లేదు, ఢిల్లీలో తెలిసినవాళ్లు ఉండక్కర్లేదు. కావాల్సిందల్లా రెండు మూడు నెలలు ఓపిగ్గా కూర్చుని ఒక మనిషి చేసిన పనిని తేదీలతో, లెక్కలతో, రుజువులతో కాగితం మీద పెట్టడం. చాలా నామినేషన్లు ఇక్కడే బలహీనపడతాయి. పని గొప్పగానే ఉంటుంది, దాన్ని రాసిన తీరులో పొగడ్త తప్ప సమాచారం ఉండదు.

## 1. ముందు ఏ గుర్తింపుకో తేల్చుకోండి

పెద్దవాళ్ల సేవకు ప్రభుత్వం ఇచ్చే గుర్తింపులు కొన్ని ఉన్నాయి. మీకు పనికొచ్చేవి ఇవి.

పద్మశ్రీ. కేంద్ర హోంశాఖ చూస్తుంది. నేరుగా పౌరులెవరైనా పేరు పంపొచ్చు, తమ పేరు తామే పంపుకోవడానికి కూడా వీలుంది. పద్మవిభూషణ్, పద్మభూషణ్, పద్మశ్రీ అని మూడు స్థాయిలున్నా, ఊరి స్థాయిలో, జిల్లా స్థాయిలో పనిచేసినవాళ్లకు పద్మశ్రీనే ఎంచుకోండి. ఏడాదికి మూడూ కలిపి ఇచ్చేవి 120 లోపే (మరణానంతరం ఇచ్చేవి, విదేశాల్లో ఉన్నవారికి ఇచ్చేవి ఈ లెక్కలోకి రావు). పోటీ ఎంత ఉంటుందో దీన్నిబట్టే అర్థమవుతుంది.

వయోశ్రేష్ఠ సమ్మాన్. కేంద్ర సామాజిక న్యాయం, సాధికారత శాఖది. ప్రత్యేకంగా వృద్ధుల కోసం, వృద్ధులకు సేవ చేసే సంస్థల కోసం పెట్టినది. అంతర్జాతీయ వయోవృద్ధుల దినమైన అక్టోబర్ 1కి ముడిపెట్టి ఇస్తారు. వ్యక్తులకు జీవనసాఫల్యం, సృజనాత్మక కళ, క్రీడలు, ధైర్యసాహసాలు, ఆదర్శ మాతృమూర్తి లాంటి విభాగాలు ఉంటాయి. నోటిఫికేషన్ వచ్చినప్పుడే దరఖాస్తు చేయగలం కాబట్టి ఆ శాఖ వెబ్‌సైట్ మీద కన్నేసి ఉంచండి.

జిల్లా స్థాయి. ఆగస్టు 15, జనవరి 26 వేడుకల్లో కలెక్టర్ ఇచ్చే ప్రశంసాపత్రం. చిన్నదే అయినా రేపు పై స్థాయికి వెళ్లినప్పుడు ఇది ప్రభుత్వ ముద్ర ఉన్న రుజువు.

ఇక్కడి నుంచి చెప్పేది ఎక్కువగా పద్మశ్రీ గురించే. ఆ ఫైలు ఒకసారి గట్టిగా తయారైతే మిగతావాటికి అందులోంచే తీసుకోవచ్చు.

అర్హత విషయంలో రెండు మాటలు గుర్తుంచుకోండి. ఉద్యోగంలో ఉన్న ప్రభుత్వ ఉద్యోగులు, ప్రభుత్వరంగ సంస్థల ఉద్యోగులు అర్హులు కారు, డాక్టర్లకూ శాస్త్రవేత్తలకూ మాత్రం మినహాయింపు. రిటైరైన టీచరుకు ఏ అడ్డూ లేదు. రెండోది, మరణానంతరం మామూలుగా ఇవ్వరు. బాగా అర్హులైనవాళ్లు ఇటీవలే, అంటే ఆ రిపబ్లిక్ డేకి ముందు ఏడాది లోపు చనిపోతే అరుదుగా పరిశీలిస్తారు. 85 ఏళ్ల మనిషి విషయంలో "వచ్చే ఏడు చూద్దాంలే" అనుకోకండి.

## 2. ఆయన్ని అడగండి

సర్‌ప్రైజ్ ఇద్దామని ఇంట్లో వాళ్లకు కూడా చెప్పకుండా నామినేట్ చేసేవాళ్లున్నారు. దయచేసి అలా చేయకండి. అవార్డు ప్రకటించే ముందు రాతపూర్వకంగా సమ్మతి తీసుకునే పద్ధతి ప్రభుత్వం వైపు నుంచి లేదు. చివర్లో ఫోన్ వస్తుంది, అంతే. 2022లో 90 ఏళ్ల బెంగాలీ గాయని సంధ్యా ముఖర్జీ ఆ ఫోన్‌లోనే వద్దనేశారు. ఆమెకు ఆమె కారణాలున్నాయి, వాటిని గౌరవించాల్సిందే. మీ పెద్దాయనకు కూడా ఏవో కారణాలు ఉండొచ్చు, అవి ముందే తెలుసుకోండి.

అడిగేటప్పుడు "మీకు పద్మశ్రీ ఇప్పిస్తాం" అనకండి. "మీరు చేసిన పని కాగితం మీద పెట్టి పంపిస్తాం, రావచ్చు, రాకపోవచ్చు, పంపమంటారా?" అని అడగండి. ఆశ పెట్టి ఏళ్ల తరబడి ఎదురుచూసేలా చేయడం ఆ వయసులో మనిషికి చాలా కష్టం.

## 3. పేరు, పుట్టిన తేదీ సరిచూసుకోండి

ఇది ఐదు నిమిషాల పని అనుకుంటారు, కొన్నిసార్లు నెల పడుతుంది.

మన పెద్దవాళ్లలో చాలామంది ఆధార్‌లో పుట్టిన తేదీ జనవరి 1 అనే ఉంటుంది, ఎందుకంటే నమోదు చేసేటప్పుడు ఏడాది తప్ప ఏమీ చెప్పలేకపోయారు. బడి సర్టిఫికెట్‌లో ఒకటి, పింఛను పుస్తకంలో ఒకటి, ఓటర్ కార్డులో ఇంకొకటి. ఏదో ఒకటి ఎంచుకుని అన్నిచోట్లా అదే వాడండి, ఆధార్‌లో ఉన్నదే మేలు. మరీ తప్పుగా ఉంటే ముందే ఆధార్ కేంద్రానికి తీసుకెళ్లండి. వేలిముద్రలు అరిగిపోయి మిషన్ తీసుకోకపోతే ఐరిస్‌తో (కంటిపాప స్కాన్) చేయమని అడగండి.

పేరుది ఇంకో చిక్కు. ఊరంతా పిలిచే పేరు ఒకటి, కాగితాల్లో పేరు ఇంకొకటి. ఖమ్మం జిల్లా రెడ్డిపల్లిలో కోటికి పైగా మొక్కలు నాటారని పేరొందిన, 2017లో పద్మశ్రీ అందుకున్న వనజీవి రామయ్య గారి అసలు పేరు దరిపల్లి రామయ్య. ఆయన గురించి వెతికేవాళ్లు రెండు పేర్లతోనూ వెతుకుతారు. కాబట్టి అసలు పేరు రాసి, పక్కనే వాడుక పేరు కూడా తప్పకుండా రాయండి. లేకపోతే మీరు జతచేసిన పేపర్ కటింగులోని మనిషీ, ఫారంలోని మనిషీ వేర్వేరు అనుకునే ప్రమాదం ఉంది.

చూసుకోవాల్సినవి:

- ఆధార్‌లో పేరు స్పెల్లింగ్, పుట్టిన తేదీ
- వాడుక పేరు, ఇంటిపేరు ముందా వెనకా
- పనిచేసే ఫోన్ నంబరు, అది ఎత్తగలిగే మనిషి
- ఈ మధ్య తీసిన స్పష్టమైన ఫొటో

## 4. ఆయన జీవితాన్ని రాబట్టండి

అసలు పని ఇదే, దీనికి టైమ్ ఇవ్వండి.

మన పెద్దవాళ్లకు తమ పని గురించి చెప్పుకోవడం రాదు. "ఏదో చేతనైనంత చేశాం నాయనా" అని ఊరుకుంటారు. "మీరు ఏం సేవ చేశారు?" అని అడిగితే జవాబు రాదు. "పొద్దున లేచాక ఏం చేసేవారు? మొదట ఎవరు వచ్చారు మీ దగ్గరికి? డబ్బు ఎక్కడిది? ఎవరు వద్దన్నారు? ఎప్పుడైనా ఆగిపోయిందా?" అని అడగండి. ఆగిపోయిన రోజులు, అడ్డుపడినవాళ్లు, అమ్ముకున్న పొలం, ఇవన్నీ అప్పుడు బయటికి వస్తాయి. ఫోన్‌లో రికార్డు చేయండి, రాసుకుంటూ కూర్చుంటే ఆయన ఆగి ఆగి చెబుతారు. ఒక్కసారిలో ముగించకండి. గంట దాటితే అలసిపోతారు, పొద్దుటిపూటైతే ఇంకా మంచిది.

సంవత్సరాలు గుర్తుండవు. దానికి మన దగ్గర మంచి ఉపాయం ఉంది. ఊరికి తెలిసిన ఘటనలకు ముడిపెట్టి అడగండి. కృష్ణా, గుంటూరు వైపైతే "దివిసీమ ఉప్పెనకు ముందా, తర్వాతా?" అంటే 1977. కోనసీమలో పెద్ద తుఫాను అంటే 1996. కర్నూలు మునిగింది 2009లో. విశాఖలో హుద్‌హుద్ 2014. ఎన్టీ రామారావు మొదటిసారి ముఖ్యమంత్రి అయ్యింది 1983లో, ఆ తర్వాత రెండేళ్లకు తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. "తాలూకాఫీసుకు వెళ్లి అర్జీ పెట్టాను" అన్నారంటే అది చాలావరకు 1985కు ముందు మాటే. ఇలా రెండు మూడు గట్టి గుర్తులు దొరికితే మిగతావి వాటి మధ్యలో సర్దుకుంటాయి.

ఆయన భార్యతో విడిగా మాట్లాడండి. ఖర్చుల లెక్క, ఇంటికి వచ్చి అన్నం తిన్నవాళ్ల లెక్క ఆవిడకే తెలుస్తుంది. చాలా ఇళ్లలో సగం సేవ ఆవిడదే అని కూడా అప్పుడే తెలుస్తుంది, దాన్ని ఫైల్లో రాయండి. ఒక్కోసారి నామినేట్ చేయాల్సింది ఆవిడనేమో అనిపిస్తే సందేహించకండి.

చివరికి మీ చేతిలో ఉండాల్సింది ఒక పేజీ కాలక్రమం: ఏడాది, ఏం చేశారు, ఎక్కడ, ఎంతమందికి, ఎవరి డబ్బుతో. ఐదు గడులు. ఖాళీ ఉన్న గడిని ఊహించి నింపకండి, ఖాళీగానే ఉంచండి.

## 5. రుజువులు కూడబెట్టండి

హోంశాఖ పరిశీలనలో వ్యక్తి గురించి విచారణ జరుగుతుంది. మీరు రాసిన ప్రతి అంకె వెనక ఒక కాగితమో, ఒక మనిషో ఉండాలి.

పేపర్ కటింగులు. చాలామంది వార్తను మాత్రం కత్తిరించి దాస్తారు, పైన పేపర్ పేరూ తేదీ పోతాయి. అలాంటివి ఉంటే జిల్లా గ్రంథాలయంలో పాత సంచికలు చూడండి, లేదా ఆ వార్త రాసిన విలేఖరిని పట్టుకోండి. ఇకనుంచి పేజీ మొత్తం స్కాన్ చేయండి.

ఫొటోలు. పాత ఫొటోల వెనకవైపు కూడా స్కాన్ చేయండి, స్టూడియో ముద్ర, తేదీ అక్కడే ఉంటాయి.

లేఖలు. లబ్ధి పొందినవాళ్ల నుంచి మూడు నాలుగు లేఖలు. "ఆయన దేవుడు" అని రాసే పది లేఖల కన్నా ఇలాంటిది ఒకటి మేలు: "నేను 1994 నుంచి మూడేళ్లు ఆయన దగ్గర రాత్రిపూట చదువుకున్నాను, పదో తరగతి అలాగే పాసయ్యాను, ఇప్పుడు ఆర్టీసీలో కండక్టర్‌ని." హెడ్మాస్టర్, పీహెచ్‌సీ డాక్టర్, పంచాయతీ కార్యదర్శి లాంటివాళ్లు తమకు తెలిసిన మేరకు రాసిస్తే ఇంకా బలం.

రిజిస్టర్లు. హాజరుపట్టీ, పుస్తకాల జాబితా, చందా పుస్తకం, భూమి దానపత్రం. ఇంట్లో ట్రంకుపెట్టె ఉంటే అడిగి తెరిపించండి.

ఒక్క హెచ్చరిక. డబ్బు తీసుకుని శాలువా కప్పి "రాష్ట్రస్థాయి", "జాతీయస్థాయి" పురస్కారాలు ఇచ్చే సంస్థలు, గౌరవ డాక్టరేట్లు అమ్మే సంస్థలు చాలా ఉన్నాయి. ఆ మెమెంటోలు ఫైల్లో పెట్టకండి, నిజమైన పని పక్కన అవి అనుమానాన్ని తెస్తాయి. ప్రభుత్వం, అకాడమీలు, విశ్వవిద్యాలయాలు ఇచ్చినవి ఉంటే మాత్రం ముందు వరుసలో పెట్టండి. రాష్ట్రస్థాయి గుర్తింపు ముందే ఉండటం మంచిదని పద్మ మార్గదర్శకాలే చెబుతాయి. అది లేకపోయినా నిరాశపడకండి. మహిళలు, ఎస్సీ, ఎస్టీలు, దివ్యాంగులు, బలహీన వర్గాలవాళ్లలో, నిస్వార్థంగా సేవ చేసేవాళ్లలో అర్హుల్ని వెతికి గుర్తించాలని కూడా ఆ ప్రభుత్వమే అంటోంది.

## 6. 800 పదాలు రాయండి

ఫారంలో ఆ వ్యక్తి చేసిన కృషి గురించి గరిష్ఠంగా 800 పదాల కథనం అడుగుతారు. మీ నామినేషన్ నిలబడినా పడిపోయినా ఇక్కడే.

ముందు తెలుగులో రాసుకోండి. మీరు ఆలోచించే భాషలో రాస్తేనే విషయం చిక్కగా వస్తుంది. తెలుగులో 500, 550 పదాలు ఇంగ్లీషులోకి వెళ్లేసరికి 800 దగ్గరికి వస్తాయి కాబట్టి అక్కడే ఆపండి. తర్వాత ఇంగ్లీషు బాగా వచ్చిన టీచరు చేత అనువాదం చేయించి, అంకెలూ పేర్లూ మీరే ఒకసారి సరిచూడండి.

ఎక్కువమంది రాసేది ఇలా ఉంటుంది:

"నిస్వార్థ సేవాతత్పరులు, అపర దానకర్ణుడు, నిరాడంబరుడు, పేదల పెన్నిధి అయిన శ్రీ ఫలానా గారు తమ యావజ్జీవితాన్ని సమాజసేవకే అంకితం చేశారు."

ఇందులో ఒక్క సమాచారం లేదు. ఫలానా గారి పేరు తీసేసి ఎవరి పేరు పెట్టినా సరిపోతుంది. ఇదే విషయం ఇలా రాయొచ్చు (ఇది కేవలం నమూనా):

"1991లో టీచరుగా రిటైరైన మరుసటి నెల తన ఇంటి వరండాలో రాత్రి బడి మొదలుపెట్టారు. మొదటి ఏడాది వచ్చింది ఏడుగురు, అందరూ ఇటుకబట్టీ కూలీల పిల్లలు. కరెంటు బిల్లు, పలకలు, పుస్తకాలు ఆయన పింఛను నుంచే. కరోనా రెండేళ్లు తప్ప బడి ఆగలేదు. రిజిస్టర్ ప్రకారం ఇప్పటిదాకా 412 మంది పదో తరగతి పాసయ్యారు."

"పింఛను నుంచే" అన్న ఒక్క మాట దానకర్ణుడి కన్నా ఎక్కువ చెబుతుంది.

ఇంగ్లీషు 800 పదాలకు కొలతగా ఇలా పెట్టుకోండి: ఆయన ఎవరు, ఎక్కడివారు అన్నది వంద పదాలు. ఏం చేశారు అన్నది నాలుగు వందలు. దానివల్ల ఏం మారింది అన్నది రెండు వందలు. మిగిలిన వంద, ఇప్పటికీ ఏం చేస్తున్నారు, తర్వాత ఎవరు కొనసాగిస్తున్నారు అన్నదానికి.

ఒక కళలో దిట్ట కావడం, ఒక రంగంలో గొప్పవాడు కావడం మాత్రమే చాలదు, అందులో ప్రజలకు ఉపయోగపడిన అంశం ఉండాలన్నది పద్మ ఎంపికలో ముఖ్యమైన సూత్రం. కాబట్టి జానపద కళాకారుడైతే ఎన్ని ప్రదర్శనలిచ్చారో రాసి ఊరుకోకండి, ఎంతమందికి నేర్పారు, అంతరించిపోతున్న ఏ రూపాన్ని నిలబెట్టారు అన్నది రాయండి. నారాయణపేట జిల్లా దామరగిద్దకు చెందిన దాసరి కొండప్ప గారి బుర్రవీణకు 2024లో పద్మశ్రీ వచ్చింది. ఆ వాద్యాన్ని వాయించేవాళ్లు దాదాపు మిగలకపోవడమే ఆయన పనికి ఉన్న బరువు.

పంపే ముందు చూసుకోండి:

- విశేషణాలన్నీ కొట్టేసినా అర్థం మిగులుతోందా
- ప్రతి పేరాలో కనీసం ఒక ఏడాది, ఒక అంకె ఉన్నాయా
- ప్రతి అంకెకూ ఫైల్లో రుజువు ఉందా
- కులం, పార్టీ, రాజకీయ నాయకుల పొగడ్తలు దొర్లలేదు కదా
- రాసింది ఆయనకు చదివి వినిపించారా

చివరిది వదిలేయకండి. "అది నేనొక్కణ్ణే చేయలేదు, ఫలానా ఆయన కూడా ఉన్నాడు" అని సరిదిద్దేది ఆయనే.

## 7. పోర్టల్‌లో నమోదు

నామినేషన్లు ఆన్‌లైన్‌లోనే తీసుకుంటారు, రాష్ట్రీయ పురస్కార్ పోర్టల్‌లో. పోస్టులో పంపిన కాగితాలు లెక్కలోకి రావు.

తేదీల దగ్గర జాగ్రత్త. 2025 అవార్డులకు 2024 మే 1 నుంచి సెప్టెంబర్ 15 దాకా తీసుకున్నారు. 2026 అవార్డులకు అది ముందుకు జరిగింది: 2025 మార్చి 15న మొదలై, గడువు మొదట జూలై 31 అన్నారు, తర్వాత ఆగస్టు 15 దాకా పొడిగించారు. "సెప్టెంబర్ దాకా టైముందిలే" అనుకున్నవాళ్లకు ఆ ఏడాది దారి మూసుకుపోయింది. ఫిబ్రవరికల్లా ఫైలు సిద్ధంగా ఉంచుకుంటే ఈ టెన్షన్ ఉండదు.

క్రమం ఇలా:

1. మీ వివరాలతో, అంటే నామినేట్ చేసేవారి వివరాలతో రిజిస్టర్ అవ్వండి. పెద్దాయన పేరు మీద కాదు.
2. లాగిన్ అయ్యాక పద్మ అవార్డులు ఎంచుకుని, స్థాయి దగ్గర పద్మశ్రీ పెట్టండి.
3. రంగం ఎంచుకోండి: కళ, సామాజిక సేవ, సాహిత్యం-విద్య, వైద్యం, సైన్స్, క్రీడలు ఇలా ఉంటాయి.
4. వ్యక్తి వివరాలు ఆధార్ ప్రకారం నింపండి.
5. 800 పదాల కథనం వేరే ఫైల్లో సిద్ధంగా ఉంచుకుని అతికించండి. నేరుగా అక్కడే టైప్ చేస్తే నెట్ పోయినప్పుడు మొత్తం పోతుంది.
6. డ్రాఫ్ట్‌గా దాచుకుని మర్నాడు ఇంకొకరి చేత చదివించి, అప్పుడు సబ్మిట్ చేయండి.
7. నమోదు నంబరు, స్క్రీన్‌షాట్, పంపిన కథనం కాపీ మూడూ దాచండి.

రంగం దగ్గర చాలామంది తికమకపడతారు. యాదాద్రి భువనగిరి జిల్లా ఎల్లంకిలో తన ఇంటినే గ్రంథాలయంగా మార్చిన కూరెళ్ల విఠలాచార్య గారికి 2024లో సాహిత్యం-విద్య విభాగంలో వచ్చింది. కాకినాడలో కంటి వైద్యం, చదువు రెండూ అందించిన సంకురాత్రి చంద్రశేఖర్ గారికి 2023లో సామాజిక సేవ కింద వచ్చింది. చేతివృత్తో చదువో కాదు, ఆ మనిషి పేరు చెప్పగానే జనం మొదట ఏ పని గుర్తుచేసుకుంటారో అదే రంగం.

## 8. జిల్లా దారి కూడా పట్టండి

రాష్ట్ర ప్రభుత్వాలు కూడా కేంద్రానికి పేర్లు పంపుతాయి. అందుకే అదే ఫైలు ప్రింటు తీసి, పైన ఒక పేజీ అర్జీ పెట్టి, కలెక్టరేట్‌లో సోమవారం అర్జీలు తీసుకునే రోజున ఇచ్చి రసీదు తీసుకోండి. కళాకారులైతే రాష్ట్ర సాంస్కృతిక శాఖకు ఇంకో కాపీ. ఇది తప్పనిసరి కాదు, కానీ విచారణ వచ్చినప్పుడు జిల్లా యంత్రాంగానికి ఆ పేరు ముందే తెలిసి ఉండటం మంచిదే.

ఒకే మనిషికి ఊరంతా కలిసి రెండొందల నామినేషన్లు వేస్తే బలం వస్తుందని అనుకోకండి. ఇవి ఓట్లు కావు. ఒక్కటే వేయండి, గట్టిగా వేయండి.

"నాకు ఢిల్లీలో తెలుసు, ఇంత ఖర్చవుతుంది" అని ఎవరైనా వస్తే గుమ్మంలోంచే పంపించేయండి. ఎంపిక చేసేది ప్రధానమంత్రి ఏటా వేసే కమిటీ, దానికి క్యాబినెట్ కార్యదర్శి అధ్యక్షులు. అక్కడి నుంచి ప్రధాని, రాష్ట్రపతి ఆమోదానికి వెళ్తుంది. మధ్యలో ఏజెంటుకు పనిలేదు.

## 9. పంపాక

చాలావరకు మౌనమే ఉంటుంది. విచారణకు ఎవరైనా రావచ్చు, ఫోన్ చేయొచ్చు. కొత్త నంబర్లు ఎత్తమని ఇంట్లో వాళ్లకు చెప్పండి, అయితే ఓటీపీలు, బ్యాంకు వివరాలు ఎవరడిగినా ఇవ్వొద్దని కూడా అప్పుడే చెప్పండి. పద్మశ్రీ పేరుతో మోసం చేసేవాడికి మంచి సమయం ఇదే.

జనవరి 25న జాబితాలో పేరు లేకపోతే ఫైలు తీసి, ఆ ఏడాదిలో కొత్తగా జరిగిన పని చేర్చి, బలహీనంగా ఉన్న రుజువులు బాగుచేసి మళ్లీ తాజాగా వేయండి. రానివాళ్లలో అర్హులు చాలామంది ఉంటారు, ఈ మాట పెద్దాయనకు మీరే స్వయంగా వెళ్లి చెప్పండి.

## 10. వస్తే

రాష్ట్రపతి సంతకంతో సనదు (ధ్రువపత్రం), పతకం ఇస్తారు. కేంద్రం నుంచి నగదు ఉండదు, రైలు, విమాన రాయితీలూ ఉండవు. తెలంగాణ ప్రభుత్వం 2024లో తమ రాష్ట్ర పద్మశ్రీ గ్రహీతలకు 25 లక్షల రూపాయల నగదు, నెలకు 25 వేల పింఛను ప్రకటించింది. మీ రాష్ట్రంలో అప్పటికి ఏముందో కలెక్టరేట్‌లో కనుక్కోండి.

ఫ్లెక్సీలు వేసేవాళ్లకు ముందే ఒక మాట చెప్పండి: పద్మశ్రీ బిరుదు కాదు, పేరుకు ముందు గానీ వెనక గానీ తగిలించకూడదు. పద్మ అవార్డుల మీద 1995లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఇదే చెప్పింది. లెటర్‌హెడ్ మీద, శుభలేఖ మీద, బడి గోడ మీద ఎక్కడా "పద్మశ్రీ ఫలానా" అని రాయకండి. "పద్మశ్రీ పురస్కారం అందుకున్న ఫలానా గారు" అని వార్తలోనో పరిచయంలోనో చెప్పుకోవచ్చు.

ఫలితం ఏదైనా, మీరు తయారుచేసిన కాలక్రమం, స్కాన్లు, రికార్డు చేసిన మాటలు ఒక పెన్‌డ్రైవ్‌లో వేసి ఒక కాపీ ఇంట్లో వాళ్లకు, ఒకటి ఊరి బడికో గ్రంథాలయానికో ఇవ్వండి. వయోశ్రేష్ఠ నోటిఫికేషన్ వచ్చినా, కలెక్టరేట్ నుంచి ఆగస్టు 15కి పేర్లు అడిగినా అందులోంచే తీసి పంపొచ్చు.